బడి తెరుచుకుంది, పిల్లలందరూ వచ్చారా?

(2021 సెప్టెంబరు చివరి వారంలో హైదరాబాద్ పాతబస్తీలో తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, కార్యకర్తలు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





ఈ నెల 1వ తేదీ ఉదయం మేము కొందరం ఒక ప్రభుత్వ పాఠశాల ఆవరణలో నిలబడి ఉన్నాము. దాదాపు పదిహేడున్నర నెలల తరువాత చిన్న తరగతుల పిల్లలు గేటు దాటి లోపలికి వస్తున్నారు. చాలామందికి పాత యూనిఫారం పొట్టిదైపోయింది. కొందరు ముఖానికి మాస్కు, చేతిలో నీళ్ల సీసాతో అమ్మ కొంగు వదలకుండా నిలబడ్డారు. అయిదవ తరగతి ఉపాధ్యాయిని హాజరుపట్టీ తెరిచి ఒక్కొక్క పేరూ పిలిచారు. కొన్ని పేర్లకు జవాబు వచ్చింది, కొన్నింటికి రాలేదు. జవాబు రాని ప్రతి పేరు దగ్గరా ఆమె తల ఎత్తి తరగతి వైపు చూశారు. ఒక్క క్షణం ఆగి తరువాతి పేరుకు వెళ్లారు. ఆ ఒక్క క్షణం గురించే ఈ రోజు మీతో మాట్లాడదలచుకున్నాము.

బడులు తెరవాలా వద్దా అనే వాదన ఏడాదిన్నరపాటు సాగింది. ఇప్పుడు తెరిచారు. కాబట్టి మన ముందు రెండు పనులున్నాయి. వచ్చిన పిల్లలను జబ్బు నుండి కాపాడుకోవడం మొదటిది. రాని పిల్లలను వెతికి తీసుకురావడం రెండవది. ఈ రెండూ వేరువేరు పనులని చాలామంది అనుకుంటున్నారు. మా అనుభవంలో ఇవి ఒకే పనికి రెండు కొసలు. బడిలో తన బిడ్డకు రక్షణ ఉందన్న నమ్మకం కుదరనిదే ఏ తల్లీ పంపదు. ఎంత పరిశుభ్రంగా ఉన్న బడి అయినా, రాని బిడ్డ ఎక్కడున్నాడో విచారించకపోతే ఆ పరిశుభ్రత సగం మంది పిల్లలకే దక్కుతుంది.

మొదట, జరిగినదాన్ని ఒకసారి గుర్తు చేసుకుందాము. 2020 మార్చి మధ్యలో బడులు మూతపడ్డాయి. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ఛానళ్ల ద్వారా పాఠాలు మొదలయ్యాయి. 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతుల వారికి, అదే నెల 24న ఆరు నుండి ఎనిమిది తరగతుల వారికి బడులు తెరిచారు. నెల తిరగకముందే, మార్చి 24న, మళ్లీ మూశారు. ఆ వెంటనే వచ్చిన రెండవ ఉధృతి మన ఇళ్లలో ఎందరిని తీసుకుపోయిందో మీకు మేము చెప్పనవసరం లేదు. పొరుగు రాష్ట్రమైన ఆంధ్రప్రదేశ్‌లో ఆగస్టు 16న, మన దగ్గర సెప్టెంబరు 1న బడులు తిరిగి తెరుచుకున్నాయి. ఈ లెక్క ప్రకారం చూస్తే, ఇవాళ రెండవ తరగతిలో పేరున్న పిల్లవాడు ఈ నెల వరకు తరగతి గదిలో ఒక్క రోజు కూడా కూర్చోలేదు. ఇవాళ మూడవ తరగతిలో ఉన్న పిల్ల ఒకటవ తరగతి కూడా పూర్తిగా చదవలేదు.

బడులు తెరవడానికి ముందు రోజు, ఆగస్టు 31న, రాష్ట్ర హైకోర్టు ఒక ముఖ్యమైన ఉత్తర్వు ఇచ్చింది. పిల్లలను బడికి రమ్మని బలవంతం చేయకూడదనీ, తల్లిదండ్రుల నుండి హామీపత్రాలు రాయించుకోకూడదనీ ఆదేశించింది. గురుకులాలను, వసతిగృహాలను ప్రస్తుతానికి తెరవవద్దన్నది. ఈ ఉత్తర్వు తల్లిదండ్రులకు ఒక రక్షణ. ఏ బడి అయినా మీ చేత ‘మా బిడ్డకు ఏమైనా జరిగితే మాదే బాధ్యత’ అని సంతకం అడిగితే, ఇవ్వవలసిన పని లేదు. బాధ్యతను కాగితం మీద వదిలించుకోవడం వల్ల పిల్లవాడికి రక్షణ రాదు. అయితే ఈ ఉత్తర్వును మరొక విధంగా అర్థం చేసుకుంటున్నవారూ ఉన్నారు. ‘పంపకపోయినా పరవాలేదని కోర్టే చెప్పింది కదా’ అని ఊరుకుంటున్నారు. కోర్టు బలవంతాన్ని ఆపింది, చదువును ఆపమనలేదు. ఈ తేడా మన ఇళ్లలో స్పష్టంగా తెలియాలి.

ఒక ఇంటి గడపలో ఒక తల్లి మాతో అన్న మాట ఇది: “బాజీ, మా ఆయన్ను నేను అంబులెన్సులో పంపాను. తిరిగి రాలేదు. ఇప్పుడు కొడుకును ఎక్కడికి పంపమన్నా నా చేతులు రావడం లేదు.” ఆమెకు మా కార్యకర్త జవాబేమీ చెప్పలేదు, కొంతసేపు ఆమె పక్కన కూర్చుంది. ఆ భయం అజ్ఞానం వల్ల పుట్టినది కాదు. ఆమె కళ్లారా చూసిన దాని నుండి పుట్టింది. అటువంటి తల్లికి ఉపన్యాసం ఇచ్చి లాభం లేదు. ఆమెను బడికి తీసుకువెళ్లి గది చూపించాలి, కిటికీ చూపించాలి, నీళ్ల కుళాయి చూపించాలి, జ్వరం వస్తే ఏమి చేస్తారో ప్రధానోపాధ్యాయుని నోటనే చెప్పించాలి. ఆ తరువాత నిర్ణయం ఆమెది.

ఆమెకు చెప్పదగిన నిజాలు కొన్ని ఉన్నాయి. ఈ ఏడాది జూన్, జూలై నెలల్లో భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్తంగా నాలుగవ రక్త పరీక్షల సర్వే జరిపింది. 6 నుండి 17 ఏళ్ల పిల్లల్లో సగం కంటే ఎక్కువ మంది రక్తంలో ఈ వైరస్‌ను ఎదుర్కొనే యాంటీబాడీలు కనిపించాయి. అప్పటికి దేశంలో ఎక్కువ బడులు మూతపడే ఉన్నాయి. అంటే, మనం పిల్లలను బడికి పంపకపోయినా వైరస్ వారిని ఇంట్లోనే, గల్లీలోనే కలిసింది. వారిలో చాలామందికి అది వచ్చిన సంగతే తెలియలేదు. పిల్లల్లో ఈ జబ్బు ముదరడం పెద్దలతో పోలిస్తే బాగా తక్కువ. ప్రాథమిక తరగతులను ముందు తెరవడం మేలని ఆ మండలి అధిపతి జూలైలోనే సూచించారు.

దీని అర్థం ప్రమాదమే లేదని కాదు. ఆస్తమా, గుండె జబ్బు, మధుమేహం, తలసీమియా వంటివి ఉన్న పిల్లల విషయంలో డాక్టరు సలహా తీసుకున్న తరువాతే పంపాలి. పిల్లవాడికి స్వల్పంగా వచ్చిపోయే జబ్బు ఇంట్లో ఉన్న నానీకి, దాదాకు ప్రాణాంతకం కావచ్చు. మన ఇళ్లలో మూడు తరాలు రెండు గదుల్లో ఉంటాయి. పిల్లలకు ఇంకా టీకా అందుబాటులోకి రాలేదు. అందువల్ల బడికి వెళ్లే పిల్లవాడి రక్షణ వాని చుట్టూ ఉన్న పెద్దల భుజం మీద పడే టీకాతో మొదలవుతుంది. టీచరు, ఆయా, వంట మనిషి, ఆటో డ్రైవరు, తండ్రి, తల్లి, తాత, అమ్మమ్మ, వీరందరూ రెండు డోసులూ వేయించుకోవాలి. టీకా గురించి వాట్సాప్‌లో తిరిగే పుకార్లను నమ్మి వెనుకాడుతున్నవారు ఈ సభలో కూడా ఉండవచ్చు. వారిని మేము నిందించము. మీ మనవడు బడికి వెళ్లాలంటే మీ చేతికి సూది పడాలి, ఆ బంధాన్ని గుర్తుపెట్టుకోమని మాత్రమే వేడుకుంటున్నాము.

ఇక బడి లోపలి సంగతి. మొదట్లో అందరూ బల్లలు తుడవడం మీద, మందు చల్లడం మీద దృష్టి పెట్టారు. ఈ వైరస్ ఎక్కువగా గాలి ద్వారా వ్యాపిస్తుందని తరువాత తేటతెల్లమైంది. మాట్లాడినప్పుడు, దగ్గినప్పుడు, బిగ్గరగా పాఠం చదివినప్పుడు వచ్చే సన్నని తుంపరలు మూసిన గదిలో చాలాసేపు గాలిలో తేలుతూ ఉంటాయి. కాబట్టి ఫినాయిల్ వాసన కంటే తెరిచిన కిటికీ మేలు. మన పేటల్లో ఎన్నో చిన్న ప్రైవేటు బడులు అద్దె ఇళ్లలో నడుస్తున్నాయి. గల్లీ దుమ్ము, వాహనాల రొద లోపలికి రాకుండా కిటికీలకు అట్టలు కొట్టి ఉంచుతారు. ఆ అట్టలు ఈ వారమే తీయించండి. కిటికీకి ఎదురుగా తలుపు తెరిచి ఉంచితే గాలి ఒక వైపు నుండి వచ్చి మరొక వైపుకు పోతుంది. కిటికీలే లేని గదిలో తరగతి పెట్టవద్దు. డాబా మీద షామియానా వేయండి, ఆవరణలో చెట్టు కింద కూర్చోబెట్టండి. మసీదు కమిటీలను, ఫంక్షన్ హాలు యజమానులను మేము ఒక మాట అడుగుతున్నాము. ఉదయం వేళ ఖాళీగా ఉండే మీ వరండాను, మీ హాలును పక్కనే ఉన్న బడికి కొన్ని నెలలు ఇవ్వండి.

గది ఇరుకైతే పిల్లలను రెండు జట్లుగా చేసి రోజు మార్చి రోజు పిలవవచ్చు, లేదా రెండు పూటలుగా నడపవచ్చు. మాస్కు ముక్కు కింద వేలాడితే ప్రయోజనం లేదు. తడిసిన మాస్కు మార్చుకోవడానికి సంచిలో మరొకటి ఉండాలి. గుడ్డ మాస్కు ఇంట్లో కుట్టుకోవచ్చు, మన ఇళ్లలో కుట్టుమిషనుకు కొదవ లేదు. అన్నం తినేటప్పుడు మాస్కు తీయక తప్పదు కాబట్టి ఆ సమయంలోనే దూరం ఎక్కువ పాటించాలి. ఆరుబయట వరుసల్లో కూర్చోబెట్టాలి. చేతులు కడగడం మన పిల్లలకు కొత్తగా నేర్పనవసరం లేదు. వుజూ చేసే అలవాటున్న పిల్లవాడు మోచేతుల వరకు కడుగుతాడు. కావలసినదల్లా కుళాయిలో నీళ్లు, పక్కన సబ్బు. బోరింగు పాడైన బడిలో గోడ మీద ‘చేతులు కడుక్కోండి’ అని బొమ్మ వేసి ఏమి ఉపయోగం?

మరుగుదొడ్ల గురించి కూడా చెప్పి తీరాలి. ఏడాదిన్నర మూతపడిన మరుగుదొడ్లు చాలాచోట్ల వాడే స్థితిలో లేవు. మగపిల్లలు ఎలాగో గడుపుకుంటారు. ఎదిగిన ఆడపిల్ల రోజంతా నీళ్లు తాగకుండా కూర్చుంటుంది, నాలుగు రోజులకు బడి మానేస్తుంది. ఎందుకు మానేసిందంటే ఇంట్లో కడుపునొప్పి అంటుంది, ఎవరూ తరచి అడగరు. బాలికల మరుగుదొడ్డికి తలుపు, గడియ, నీళ్లు ఉన్నాయో లేవో తల్లులే స్వయంగా వెళ్లి చూడండి.

జ్వరం, దగ్గు, గొంతు నొప్పి ఉన్న పిల్లవాడిని బడికి పంపవద్దు. ఇది చాలా సులభమైన నియమం, కాని పాటించడం కష్టం. కూలికి వెళ్లే తల్లి జ్వరం వచ్చిన పిల్లను ఎక్కడ ఉంచాలి? అందువల్ల ‘నూరు శాతం హాజరు’ బహుమతులు ఈ ఏడాది వద్దని బడులను కోరుతున్నాము. జబ్బుతో ఇంట ఉన్న పిల్లకు హాజరు భయం ఉండకూడదు. పాఠం తరువాత చెప్పించే ఏర్పాటు ఉండాలి. ఒక తరగతిలో ఎవరికైనా జబ్బు తేలితే ఆ సంగతి దాచకుండా మిగతా తల్లిదండ్రులకు అదే రోజు చెప్పాలి. దాచిన బడి మీద నమ్మకం ఒకసారి పోతే తిరిగి రాదు. అయితే ఆ పిల్లవాడి పేరు బయటపెట్టనవసరం లేదు. పేరు బయటపడితే ఏమి జరుగుతుందో మనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒక జబ్బుకు ఒక మతం పేరు పెట్టారు. కూరగాయల బండి వద్ద ఆధార్ కార్డు అడిగారు. అదే ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం, తబ్లీగ్ సమావేశానికి వచ్చిన విదేశీయులను బలిపశువులను చేశారని వ్యాఖ్యానించింది. ఆ మాట రావడానికి నెలలు పట్టింది. ఈ లోపల మన పిల్లలు ఎన్ని మాటలు పడ్డారో! ఆ బాధ ఎరిగిన మనం మన బడిలో ఏ పిల్లవాడినీ, వాడు ఎవరి బిడ్డ అయినా, ‘కరోనా ఇంటివాడు’ అని పిలవనివ్వరాదు.

ఇప్పుడు రెండవ పనికి వద్దాము. హాజరుపట్టీలో పలకని పేర్లు ఎక్కడున్నాయి?

ఆర్థికవేత్త జాన్ ద్రెజ్, రీతికా ఖేరా తదితరులు ఈ ఆగస్టులో పదిహేను రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో దాదాపు 1,400 మంది పేద కుటుంబాల పిల్లలను కలిసి ఒక నివేదిక వెలువరించారు. గ్రామాల్లో క్రమం తప్పకుండా ఆన్‌లైన్‌లో చదువుతున్నవారు 8 శాతం. అసలు చదవడమే లేనివారు 37 శాతం. పట్టణాల్లో క్రమంగా ఆన్‌లైన్ పాఠాలు అందుకున్నవారు 24 శాతమే. మన గల్లీల స్థితి ఇంతకంటే మెరుగ్గా ఉంటుందని మేము అనుకోము. ఇంట్లో ఒకే ఫోను, అది తండ్రితో పాటు పనికి పోతుంది. ముగ్గురు పిల్లలకు ఒకే గంటలో పాఠాలుంటే ఆ ఫోను పెద్ద కొడుకు చేతికి వెళ్తుంది, ఆడపిల్ల వంట గదికి వెళ్తుంది. ఉర్దూ మాట్లాడే ఇంట్లో ఇంగ్లీషు మాధ్యమంలో చదివే పిల్లకు తెర మీద పాఠం వినిపించినా సందేహం తీర్చే మనిషి లేడు. వీటికి తోడు 2020 అక్టోబరు 13, 14 తేదీల వాన. ఆ వరదల్లో పాతబస్తీ కాలనీల్లో బియ్యంతో పాటు పుస్తకాలూ, జనన ధ్రువపత్రాలూ, మార్కుల పత్రాలూ కొట్టుకుపోయాయి.

మనకు ఈ నష్టం కొత్తగా వచ్చినది కాదు, పాత నష్టం మీద వచ్చి పడినది. 6 నుండి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో 25 శాతం వరకు బడికి అసలు వెళ్లనివారో, మధ్యలో మానినవారో ఉన్నారని 2006లోనే సచార్ కమిటీ చెప్పింది. ఆ తరువాత ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ వచ్చాము. తెలంగాణలో 204 మైనారిటీ గురుకులాలు నడుస్తున్నాయి, వాటిలో ఎందరో ఆడపిల్లలు చదువుకుంటున్నారు. ఎక్కిన మెట్లు ఈ పదిహేడున్నర నెలల్లో జారిపోకూడదు.

జారిపోయే చోట్లు మీకు తెలుసు. పన్నెండేళ్ల పిల్లవాడు ‘బడి తెరిచేదాకా’ అని మెకానిక్ షెడ్డులో చేరాడు. ఇప్పుడు వారానికి కొన్ని వందలు తెస్తున్నాడు, ఇల్లు దానికి అలవాటు పడింది. గాజుల బట్టీ దగ్గర, జర్దోజీ మగ్గం దగ్గర, చికెన్ సెంటరులో, పాత సామాను దుకాణంలో అటువంటివారు కనిపిస్తారు. వారి తండ్రులను దోషులుగా నిలబెట్టడానికి మేము రాలేదు. లాక్‌డౌన్‌లో ఆటో ఆగిపోయింది, ఫంక్షన్ హాళ్లు మూతపడి వంటవారికి, వడ్డించేవారికి పని పోయింది. ఆకలికి ఎదురు చెప్పడం ఎవరి వల్లా కాదు. కాని ఆ పిల్లవాడి సంపాదన ఇవాళ ఇంటికి ఎంత తెస్తున్నదో లెక్కపెట్టేటప్పుడు, ఇరవై ఏళ్ల తరువాత కూడా వాడు అదే షెడ్డులో అదే కూలికి ఉంటాడన్న లెక్క కూడా వేయండి. బడికి పంపితే మధ్యాహ్నం సన్నబియ్యం అన్నం ఉంటుంది. ఆహార భద్రతా చట్టం ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లవాడికి 450 కేలరీలు, పై తరగతులవారికి 700 కేలరీల భోజనం హక్కు. అది ఇంటికి కొంత ఊరట. మిగిలిన లోటును జకాత్, సదఖా ద్వారా ఒక కుటుంబానికి ఆరు నెలలు పూడ్చడం మన మొహల్లాలకు అసాధ్యం కాదు.

ఆడపిల్లల విషయం మరింత మౌనంగా జరుగుతుంది. గురుకులం ఇంకా తెరవలేదు. పదవ తరగతి పిల్ల ఇంట్లో ఉంది. ‘ఎలాగూ ఇంట్లోనే ఉంది, మంచి సంబంధం వచ్చింది, నలుగురితో కానిచ్చేస్తే ఖర్చు తక్కువ’ అన్న మాట ఈ ఏడాది మేము ఎక్కువగా విన్నాము. 2006 చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని ఆడపిల్లకు వివాహం నేరం. షాదీ ముబారక్ సహాయం కూడా పద్దెనిమిది నిండినవారికే వర్తిస్తుంది. చట్టం కంటే ముందు ఆ పిల్ల ముఖం చూడండి. గురుకులంలో తన మంచం, తన పుస్తకాల పెట్టె ఆమెకు గుర్తున్నాయి. గురుకులాలు తెరుచుకునే రోజున ఆ మంచం ఖాళీగా ఉండకూడదు. ఖాజీ సాహెబులకు మా విన్నపం: వయసు ధ్రువపత్రం చూడనిదే నికాహ్ చదవకండి. ఎక్కడైనా పిల్లను బలవంతం చేస్తున్నారని తెలిస్తే 1098కు ఫోను చేయవచ్చు, ఆ నంబరు చైల్డ్‌లైన్‌ది.

మూడవ అడ్డంకి ఫీజు. చిన్న ప్రైవేటు బడిలో బకాయి పడినందువల్ల తండ్రి ముఖం చూపలేక, పిల్లవాడిని ఏ బడికీ పంపక ఊరుకుంటున్నాడు. ప్రభుత్వ బడికి మార్చాలంటే టి.సి. ఇవ్వరని భయం. ఇక్కడ చట్టం మీకు తోడుగా ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం ఎనిమిదవ తరగతి లోపు పిల్లవాడు ప్రభుత్వ లేదా ఎయిడెడ్ బడికి మారదలచినప్పుడు ప్రధానోపాధ్యాయుడు వెంటనే టి.సి. ఇవ్వాలి. అది ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడి ప్రవేశం నిరాకరించరాదు. వయసు ధ్రువపత్రం లేదని చేర్చుకోకుండా ఉండకూడదని 14వ సెక్షన్ చెబుతుంది. వరదలో కాగితాలు పోయినవారు ఈ మాట గుర్తుంచుకోండి. గడువు దాటిందని తిప్పి పంపకూడదని 15వ సెక్షన్ చెబుతుంది. ఫీజులు పెంచరాదనీ, ట్యూషన్ ఫీజు మాత్రమే నెలవారీగా తీసుకోవాలనీ 2020 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం 46వ నంబరు జి.ఓ. ఇచ్చింది.

చిన్న బడుల యాజమాన్యాల కష్టం కూడా మేము ఎరుగుదుము. జీతం లేక కూరగాయలు అమ్మిన ఉపాధ్యాయులు మన మధ్యనే ఉన్నారు. ప్రభుత్వం ఈ ఏప్రిల్‌లో ప్రైవేటు ఉపాధ్యాయులకు నెలకు రూ. 2,000, 25 కిలోల బియ్యం ప్రకటించిందంటే వారి స్థితి ఎంతకు వచ్చిందో ఊహించవచ్చు. తల్లిదండ్రులు, యాజమాన్యం కూర్చుని బకాయిని వాయిదాలుగా చేసుకోవాలి. చెల్లించగలిగినవారు చెల్లించాలి. పిల్లవాడిని మాత్రం ఈ లెక్కలోకి తేకూడదు. బకాయి కోసం తరగతి బయట నిలబెట్టడం ఏ కష్టానికీ జవాబు కాదు.

మన సంస్థల గురించి ఒక మాట. మైనారిటీ విద్యాసంస్థలకు విద్యాహక్కు చట్టం వర్తించదని 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మదరసాలకు 2012 సవరణలోనే మినహాయింపు ఉంది. సంస్థలను మనమే నడుపుకునే హక్కు రాజ్యాంగం 30వ అధికరణం మనకు ఇచ్చినది, దాన్ని కాపాడుకుంటాము. అయితే ఆ హక్కు పేరుతో గాలి లేని గదిలో ఎనభై మందిని కూర్చోబెట్టలేము. ఒంటెను కట్టివేసి ఆ తరువాత అల్లాహ్ మీద భారం వేయమన్న బోధ మనది. ఇతరులను అడిగే ప్రతి ప్రశ్నా ముందు మన మదరసా కమిటీని, మన సొసైటీని అడుగుదాము.

తల్లిని, తండ్రిని పోగొట్టుకున్న పిల్లలు కూడా తరగతిలో కూర్చుని ఉన్నారు. పాఠం మధ్యలో వారు ఏడ్చినా, అకారణంగా కొట్లాడినా, మాట్లాడకుండా ఉన్నా దండించవద్దని ఉపాధ్యాయులను కోరుతున్నాము. మొదటి నెల సిలబస్ కంటే మాటలు ముఖ్యం. చదవడం మరచిన అయిదవ తరగతి పిల్లవాడికి సిగ్గు కలగకుండా అక్షరం దగ్గర నుండి మొదలుపెట్టండి. ఇద్దరినీ కోల్పోయిన పిల్లలకు కేంద్రం మే నెలలో ప్రకటించిన పథకం కింద ఇరవై మూడేళ్లు వచ్చేసరికి రూ. 10 లక్షలు అందే ఏర్పాటు ఉంది. దరఖాస్తు జిల్లా యంత్రాంగం ద్వారా చేయాలి. అటువంటి పిల్లల బంధువులు మమ్మల్ని కలిస్తే కాగితాల పనిలో తోడుంటాము.

చివరగా, ఈ సభ నుండి మనం ఇంటికి తీసుకువెళ్లవలసిన పనులు చెబుతాము. ప్రతి గల్లీకి ఇద్దరు తల్లులు, ఇద్దరు యువకులు కలిసి ఒక నోటుపుస్తకం పెట్టండి. 2020 మార్చిలో బడికి వెళ్తున్న ప్రతి పిల్ల పేరు, ప్రతి పిల్లవాడి పేరు అందులో రాయండి. ఇవాళ ఎక్కడున్నారో ఎదురుగా రాయండి. ఆ పుస్తకాన్ని నెలకోసారి ప్రధానోపాధ్యాయుని హాజరుపట్టీతో సరిచూడండి. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో యాజమాన్య కమిటీ ఉండాలనీ, అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం స్త్రీలు ఉండాలనీ విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ చెబుతుంది. ఆ కమిటీలో మీ పేరు ఉందా? ఉంటే సమావేశానికి వెళ్లండి. కిటికీలు, నీళ్లు, మరుగుదొడ్డి, టీకాలు, పలకని పేర్లు, ఈ అయిదింటి మీద నెలకోసారి విచారించండి.

ఈ నెల 1వ తేదీన ఆ ఉపాధ్యాయిని జవాబు రాని పేర్ల పక్కన ఏ గుర్తూ పెట్టలేదు, గడి ఖాళీగా వదిలారు. ఎందుకని అడిగాము. “ఇవాళ గైరుహాజరు వేయడానికి మనసొప్పలేదు. రేపు వస్తారేమో చూస్తాను” అన్నారు. మరునాడు ఇద్దరు వచ్చారు. మిగిలినవారి ఇళ్లకు మేము, ఆమె కలిసి వెళ్తున్నాము. మీ గల్లీకి వచ్చినప్పుడు తలుపు తీయండి. వీలుంటే మాతో పాటు తరువాతి ఇంటి దాకా నడవండి.